ఫ్రెటర్నిటీలో చేరతానంటున్న మీ పిల్లలతో ఈ మాట మాట్లాడండి

నమస్కారమండీ. అమెరికాలో డిగ్రీకి వెళ్తున్న పిల్లలున్న అమ్మానాన్నలూ, ఈ వీడియో మీకోసమే.

అక్కడ క్యాంపస్‌లో గ్రీకు అక్షరాల పేర్లతో సంఘాలుంటాయి. అబ్బాయిలవి ఫ్రెటర్నిటీలు, అమ్మాయిలవి సొరోరిటీలు. కొత్తవాళ్లను చూసి ఎంచుకునే వారాన్ని రష్ అంటారు. రమ్మని పిలిస్తే అది బిడ్. ఆ తర్వాత కొన్ని వారాలు ప్లెడ్జ్‌గా, అంటే ఇంకా పూర్తి సభ్యత్వం రాని కొత్తవాడిగా ఉండాలి.

"మనకెందుకురా అవన్నీ" అని కొట్టిపారేయకండి. 1906లో కార్నెల్ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థులు ఏడుగురు ఆల్ఫా ఫై ఆల్ఫా అనే ఫ్రెటర్నిటీ పెట్టుకున్నారు. తమను దూరం పెట్టిన చోట ఒకరికొకరు తోడుగా నిలబడటానికి! మార్టిన్ లూథర్ కింగ్ అందులో సభ్యుడు. 1998లో హ్యూస్టన్‌లో దక్షిణాసియా అమ్మాయిలు డెల్టా ఫై ఒమేగా అనే సొరోరిటీ మొదలుపెట్టారు. ఊరుకాని ఊళ్లో జ్వరమొస్తే చారన్నం తెచ్చిపెట్టే అక్క దొరికితే, అది చిన్న విషయమా? రేపు ఉద్యోగానికి ఒక మాట చెప్పే సీనియర్లూ ఉంటారు.

ఖర్చుంది, టైమ్ పోతుంది. అవి సర్దుకోవచ్చు. నా భయం వేరే.

2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో టిమొతీ పియాజా అనే కుర్రాడు, పంతొమ్మిదేళ్లు, ఫ్రెటర్నిటీలో చేరిన రాత్రే వాళ్లు పట్టించిన మందుతో ఆ సంఘం ఇంట్లోనే మెట్ల మీంచి పడ్డాడు. ఇంటినిండా మనుషులు. దాదాపు పన్నెండు గంటలు ఎవరూ 911కి, అంటే అక్కడి ఎమర్జెన్సీ నంబర్‌కి, ఫోన్ చేయలేదు. రెండో రోజుకి ప్రాణం పోయింది. ఆ తల్లిదండ్రుల గురించి ఆలోచిస్తే నాకు గొంతు పెగలదు.

కొత్తవాళ్లను ఇలా హింసపెట్టడాన్ని అక్కడ హేజింగ్ అంటారు. మనకు తెలిసిన పేరు ర్యాగింగ్. దానిమీద మన ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం చేసుకున్నాం. తేడా ఏంటంటే, ర్యాగింగ్‌లో పిల్లలు ఇష్టం లేకపోయినా సీనియర్ల చేతికి దొరికిపోతారు, ఫ్రెటర్నిటీకి ఇష్టపడి వెళ్తారు. అందుకే ఇంట్లో చెప్పరు. "బయట చెప్పకూడదు" అని మొదటిరోజే ఎవరైనా అంటే, నా దృష్టిలో ఆ ఇంటి గడప దాటి వచ్చేయాల్సిందే.

2024 డిసెంబర్‌లో అమెరికాలో కొత్త చట్టం వచ్చింది. హేజింగ్ చేసిన సంఘాల వివరాలు కాలేజీలు తమ వెబ్‌సైట్లో పెట్టాలి. బిడ్ ఒప్పుకోకముందే పిల్లలతో కలిసి కూర్చుని అది చదవండి. ఇంకొకటి, ఈ రాత్రే ఫోన్‌లో చెప్పండి: పక్కనున్నవాడు పడిపోతే 911 కొట్టడానికి ఏ అన్ననీ అడగక్కర్లేదు నాన్నా, నువ్వు తాగి ఉన్నా సరే, ముందు ఫోన్ చెయ్.