ఒక్క మాట, మూడు గిన్నెలు

నమస్కారం. రెండేళ్లు నిండినా మీ బాబు యాభై మాటలైనా పలకడం లేదా? 'అమ్మ రా' అని రెండు మాటలు కలపడం లేదా? "వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఆ మాట విని ఊరుకోకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. గిన్నె పడితే తిరిగి చూసే పిల్లలకి కూడా స, శ లాంటి సన్నటి శబ్దాలు సరిగా వినపడకపోవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ (మాట, వినికిడి సమస్యల జాతీయ సంస్థ) ప్రాంతీయ కేంద్రంలో ఈ పరీక్షలు చేస్తారు. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం వెంటనే డాక్టర్ని కలవండి.

ఇప్పుడు ఇంట్లోనే 'గిన్నె' అనే ఒక్క మాట ఎలా నేర్పాలో చూద్దాం. నా ముందున్నవి చూడండి. చిన్న స్టీలు గిన్నె, ఎర్ర ప్లాస్టిక్ గిన్నె, పింగాణీ గిన్నె. మూడెందుకంటే, చాలామంది పిల్లలు రెండేళ్లకల్లా రంగు మారినా, సైజు మారినా, ఆకారం చూసి 'ఇదీ గిన్నే' అని పట్టేస్తారు. మాటలు ఆలస్యమైన పిల్లల్లో చాలామందికి అది అంత తొందరగా పట్టుబడదు. రోజూ ఆ ఎర్ర గిన్నె ఒక్కటే చూపిస్తే, గిన్నె అంటే అదొక్కటే అనుకోవచ్చు.

"ఏంటిది? చెప్పు, చెప్పు" అని అడగొద్దు. అడిగేకొద్దీ బిగుసుకుపోతారు. మీరే అంటూ ఉండండి: "గిన్నె కావాలా? ఇదిగో గిన్నె. గిన్నెలో బువ్వ. అయ్యో, గిన్నె ఖాళీ! గిన్నె కడుగుదామా?" మాట అదే, వాక్యం మారుతోంది, చేతిలో గిన్నె కూడా మారుతోంది. నేను 'ఇల్లు' లాంటి మాటతో మొదలుపెట్టను. 'ఇంట్లో' అనగానే దాని రూపమే మారిపోతుంది. 'గిన్నె'కి ఆ ఇబ్బంది లేదు.

తర్వాత ఆగండి. ముఖంలోకి చూస్తూ మనసులో ఐదు లెక్కపెట్టండి. చాలామందికి ఇదే కష్టం, మధ్యలో మనమే మాట్లాడేస్తాం. "న్నె" అన్నాడా? "అవును, గిన్నె!" అనండి, సరిదిద్దకండి. ఏమీ అనకుండా గిన్నె తెచ్చి చేతికిచ్చాడా? సంతోషించండి, మాట అర్థమైంది. పలకడం ఆ తర్వాత వస్తుంది. ఫోన్‌లో రైమ్స్ ఎన్ని పెట్టినా, ఫోన్ ఇలా ఆగి ఎదురుచూడదు.

అమెరికాలో ఉన్నవాళ్లు "రెండు భాషల వల్లే ఆలస్యమా?" అని టెన్షన్ పడుతుంటారు. కాదండీ. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. తెలుగు మానేయకండి.

ఈ రాత్రి బువ్వ పెట్టేటప్పుడు మూడు గిన్నెలు తీయండి. ఏ గిన్నెలో తింటాడో బాబునే ఎంచుకోనివ్వండి.