సేవ చేసే చేతికి జీతం కూడా ఇవ్వాలి

పాస్టరు అయ్యగార్లకు, సంఘ కమిటీ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు ప్రభువు పేరట వందనాలు.

మన కడప చర్చిల్లో బైబిల్ ఉమన్‌గా, అంటే ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే సేవకురాలిగా, సండే స్కూల్ టీచరుగా, ఆఫీసులో లెక్కలు రాస్తూ పనిచేసే ఆడవాళ్ల గురించి మాట్లాడమన్నారు. పొద్దున్నే ఆస్పత్రిలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి ప్రార్థన చేసి వస్తారు. మధ్యాహ్నం ఎండలో ఇల్లిల్లూ తిరుగుతారు. ఏ ఇంట్లో మొగుడు తాగొచ్చి కొడుతున్నాడో, ఏ పిల్లను చదువు మాన్పించి పెళ్లి చేయబోతున్నారో అయ్యగారికన్నా ముందు తెలిసేది వాళ్లకే. అలాంటి బాధను ఆడమనిషి వంటింట్లో కూర్చోబెట్టి ఇంకో ఆడమనిషికే చెప్పుకుంటుంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఇక్కడ పనిచేసిన లండన్ మిషన్ రోజుల్లోనూ మగ బోధకులు అడుగు పెట్టలేని ఇళ్లలోకి వెళ్లింది బైబిల్ ఉమన్లే. ఇంత చేసే మనిషికి సరైన జీతం లేదు, కమిటీ గదిలోకి మాత్రం టీ గ్లాసులు పట్టుకునే వెళ్తోంది. నాకు చాలా బాధగా ఉంటుంది.

సీఎస్ఐలో, అంటే దక్షిణ భారత సంఘంలో, స్త్రీలను పాస్టర్లుగా నియమించే గురువు అభిషేకం దశాబ్దాల కిందటే మొదలైంది. 2013లో పుష్ప లలిత గారు నంద్యాల బిషప్ అయ్యారు. సీఎస్ఐకి తొలి మహిళా బిషప్ ఆమే. నంద్యాల అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉంది, అంటే మన పక్కనే. అయినా చాలా సంఘాలు స్త్రీని పుల్పిట్ (ప్రసంగ వేదిక) ఎక్కనివ్వవు. ఆ వాదనలోకి ఇవాళ నేను దిగను. అది తేలేదాకా జీతం ఎందుకు ఆగాలన్నదే నా ప్రశ్న. స్త్రీ మౌనంగా ఉండాలనడానికి తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయం చూపిస్తారు. అదే పత్రిక అయిదో అధ్యాయంలో పనివాడు తన జీతానికి పాత్రుడని ఉంది. రెండోది చదివినంత గట్టిగా అయిదోది కూడా చదవండి. సేవకు పరలోకంలో బహుమానం ఉందని ఆమెతో అంటారు. ఉంది, నేనూ నమ్ముతాను. కానీ ఆమె ఇంటి బాడుగ ప్రతి నెలా ఇక్కడే కట్టాలి.

ఇంకో సంగతి. పనిచోట లైంగిక వేధింపులను ఆపడానికి 2013లో వచ్చిన చట్టం ట్రస్టులకూ సొసైటీలకూ వర్తిస్తుంది. జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లకు కూడా అందులో రక్షణ ఉంది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట ఫిర్యాదులు వినే కమిటీ పెట్టాలి. అంతకు తక్కువుంటే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. బయటికి తెలిస్తే సంఘం సాక్ష్యం, మంచి పేరు చెడిపోతుందని దయచేసి ఏ ఆడబిడ్డ నోరూ నొక్కొద్దు.

వచ్చే మీటింగు అజెండాలో దీన్ని పెట్టండి. ఏ పని చేయాలి, నెలకు ఎంత, సెలవులు ఎన్ని, ఎవరికి జవాబు చెప్పాలి, ఇవన్నీ రాసి సంతకం పెట్టి ఆమె చేతికివ్వండి. డబ్బు చాలదంటే గంటలు తగ్గించండి, ఇవ్వగలిగినంత పనే అడగండి. ఆ మాటలు జరిగేటప్పుడు ఆమెను కూడా పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టండి.