మీ చెయ్యి చల్లగుండ

(ఒడిశాలోని సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో, మహేంద్రతనయ నది ఒడ్డున జరిగిన కార్తీక వనభోజనాల్లో చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు. భోజనాలకు ముందు అరగంట మాట్లాడమన్నారు. అటు పొయ్యిల దగ్గర ఆవ పెట్టిన కంద బచ్చలి దించినట్టున్నారు, వాసన ఇక్కడిదాకా వస్తోంది. అందుకని నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. ముందు మా పక్కింటి కిటికీ సంగతి చెప్పాలి.

మా ఇంటిని ఆనుకుని ఒక ఒడియా కుటుంబం ఉంది. ఆ ఇంటి పెద్దావిడని మేమందరం మావుసీ అంటాం. వాళ్ల కార్తీకం పున్నమితో అయిపోతుంది. మనది అమావాస్య దాకా సాగుతుంది. కార్తీకమంతా నీచు ముట్టని ఒడియావాళ్లు పున్నమి మర్నాడు ఛాడఖాయి అని చేపలూ మాంసమూ వండుకుంటారు. ఆ రోజు చేపల బజార్లో కాలు పెట్టడానికి చోటుండదు. మావుసీ వంటింటి కిటికీ సరిగ్గా మా పెరటి తులసికోటకి ఎదురుగా ఉంటుంది. ఛాడఖాయి నాటి నుంచి మన అమావాస్య దాకా, వాళ్లు నీచు వండినప్పుడల్లా ఆ కిటికీ మూసి ఉంటుంది. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. చలి మొదలైంది కదా, అందుకనుకున్నాను.

ఈ ఏడు వాళ్లింటికి కొత్తకోడలు వచ్చింది. తాలింపు ఘాటు తట్టుకోలేక కాబోలు, ఆ అమ్మాయి కిటికీ తలుపులు తెరిచింది. నేను పెరట్లో తులసికోట దగ్గర దీపం పెడుతున్నాను. లోపల్నుంచి మావుసీ గొంతు వినిపించింది, ఒడియాలో. "మూసెయ్యమ్మా, వాళ్లకింకా కార్తీకం నడుస్తోంది."

ఒత్తి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇరవై ఏళ్లు! ప్రతి ఏడూ ఆవిడ ఆ పొగలో, ఆ ఉక్కలో నిలబడి వండింది. ఒక్కసారి కూడా నాతో అనలేదు. ఎందుకు మూస్తున్నారని నేనూ ఒక్కసారి అడగలేదు.

కృతజ్ఞత అనే మాటని ముప్పై నాలుగేళ్లు బళ్లో బోర్డు మీద రాశాను. పిల్లలకి అర్థం కూడా విడదీసి చెప్పేదాన్ని. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే తెలిసినవాడు. చేసినదాన్ని తెలుసుకుని ఉండడం కృతజ్ఞత. అచ్చ తెలుగులో మేలెరగడం అంటాం. చెప్పడం, దండం పెట్టడం, బదులు తీర్చుకోవడం, ఇవన్నీ ఆ తర్వాతి పనులు. ముందు తెలియాలి. ఇంత చెప్పిన నాకే పక్కింటి కిటికీ ఎందుకు మూసుకుంటోందో తెలియలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకెన్ని కిటికీలు ఇలా నా కోసం మూసుకున్నాయో అని ఆలోచిస్తూ పడుకున్నాను.

మన ఇళ్లలో ధన్యవాదాలు అని ఎవరం అనం. అది మైకు ముందు మాట. అన్నం వడ్డించిన అమ్మతో ధన్యవాదాలమ్మా అంటే ఆవిడ బిత్తరపోతుంది. అలాగని మనవాళ్లకి మేలెరగడం తెలియదనుకోకూడదు. దాహానికి మజ్జిగ ఇచ్చిన ఇల్లాలిని మా నాయనమ్మ "నీ కడుపు చల్లగుండ" అనేది. కాలిలో ముల్లు తీసిన పిల్లాడిని "నీ చెయ్యి చల్లగుండ" అనేది. ఎండలు మండిపోయే చోట పుట్టిన మాటలు ఇవి. మనకి మేలు అంటేనే చల్లదనం. ఎదుటివాళ్ల చెయ్యి ఏం చేసిందో చూసి, ఆ చేతికే మంచి జరగాలని కోరుకోవడం ఎంత గొప్ప విషయమో చూడండి. ఇలాంటి మాటల్ని చెవి పెట్టి వినడం మన ఊరికి కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడే బడిలో పాఠాలు చెబుతూ సవరల మాటలు విని, నేర్చుకుని, 1931లో ఆ భాష మీద పుస్తకం అచ్చు వేయించారు. కొండ దిగి సంతకి వచ్చే మనుషుల మాటలో ఒక పూర్తి భాష ఉందని ఆయన విన్నారు. మిగతావాళ్లకీ ఆ మాటలు రోజూ చెవిన పడుతూనే ఉండేవి.

మా నాన్నగారు రైస్ మిల్లులో గుమాస్తా. చదువు తక్కువ. భోజనం చేసి లేచే ముందు ఆయనకొక అలవాటు ఉండేది. వంటింటి వైపు తిరిగి ఏదో ఒక్క మాట అనేవారు. బాగుంది అని ఎప్పుడూ అనలేదు. "చారులో మిరియం అప్పటికప్పుడు దంచి వేశావు కదూ" అనేవారు. "వంకాయ లేతది ఏరి తెచ్చావే" అనేవారు. "ఇవాళ మెంతులు ఎర్రగా వేగాయి, చేదు రాలేదు" అనేవారు. అమ్మ బదులు చెప్పేది కాదు. కానీ ఆ పూట గిన్నెలు తోమే చప్పుడే వేరుగా ఉండేది, పిల్లలకి కూడా తెలిసిపోయేది. పెద్దయ్యాక ఒకసారి నాన్నని అడిగాను, ఎందుకలా విడమరిచి చెబుతారని. "బాగుంది అనడానికి తినక్కర్లేదమ్మా, చూసినా అనొచ్చు" అన్నారు. నేను ఇప్పటిదాకా విన్న ప్రసంగాలన్నిటికంటే నాకా ఒక్క మాట ఎక్కువ పనికొచ్చింది.

ఎందుకంటే మిరియం అప్పుడే దంచారని చెప్పాలంటే నాలుక మీద మనసు పెట్టి తినాలి. ఫోన్ చూస్తూ తింటే తెలియదు. అంటే ఎదుటివాళ్లకి మెప్పు ఇవ్వడానికి ముందే ఆ రుచి పూర్తిగా మన సొంతమవుతుంది. చిన్న సంతోషమూ మేలెరగడమూ ఒకే ముద్దలో ఉన్నాయి. వేసవి పొద్దున్న తరవాణి చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుంటే కళ్లు మూతలు పడే ఆ సుఖం మనకీ తెలుసు, పక్కింట్లో పొఖాళొ తినేవాళ్లకీ తెలుసు. అదే అన్నం, అవే నీళ్లు. కాకపోతే రాత్రి ఎవరో మర్చిపోకుండా నీళ్లు పోసి ఉంచారు.

ఇంకొక విషయం. ఇది చెప్పడం నాకు కొంచెం కష్టం.

మూడేళ్ల క్రితం మా వారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. బరంపురంలో ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇంటికొచ్చాక నెలల తరబడి చొక్కా నేనే తొడిగేదాన్ని, గుండీలు నేనే పెట్టేదాన్ని. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేవారు, నా మొహం చూసేవారు కాదు. ఒకరోజు పొద్దున్న నేను కాఫీ కలుపుతుంటే గదిలో చప్పుడు లేదు. వెళ్లి చూశాను. మంచం అంచున కూర్చుని రెండో గుండీ పెట్టుకుంటున్నారు. ఎడమ చేత్తో కాజా పట్టుకుని, కుడి చేతి బొటనవేలితో గుండీని తోస్తున్నారు. అది జారిపోతోంది. మళ్లీ తోస్తున్నారు. నుదుటి మీద చెమట. సాయం చేద్దామని అడుగు వేసి ఆగిపోయాను. గుండీ అంచు కాజాలోకి దూరింది. సగం దూరి అడ్డం తిరిగింది. ఆయన ఊపిరి బిగబట్టారు, నేనూ బిగబట్టాను. గుండీ అటు వైపుకి వచ్చింది. ఆయన తలెత్తి నన్ను చూశారు. కాఫీ పొంగి పొయ్యి ఆరిపోయింది.

అంతకు ముందు ముప్పై ఏళ్లు ఆ మనిషి రోజూ పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుని ఆఫీసుకి వెళ్లారు. ఒక్కరోజు కూడా నేను చూడలేదు. అందులో చూడడానికి ఏముంది? రెండు వేళ్లు ఎలా కలుస్తాయో, అవి కలవనప్పుడే తెలిసింది.

పోగొట్టుకుంటేనే తెలుస్తుందా అని మీరు అడగొచ్చు. పోయి తిరిగొచ్చినా మనకి నిలవదు. 2018 అక్టోబర్ 11 గుర్తుందా? తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. మన గజపతి జిల్లాలో కొండవాగులు ఊళ్ల మీద పడ్డాయి. మా వీధిలో తొమ్మిది రోజులు కరెంట్ లేదు. మోటారు లేదు, నీళ్లు లేవు. మావుసీ వాళ్ల పాత నుయ్యే వీధికంతటికీ దిక్కు. చీకట్లో బొక్కెన చప్పుడు వింటూ వరసలో నిలబడ్డాం. తొమ్మిదో రోజు రాత్రి దీపాలు వెలిగాయి. వీధి వీధంతా కేక పెట్టింది. నేను వంటింట్లో కుళాయి తిప్పి, ఆ నీళ్లు చేతుల మీద పడుతుంటే కట్టెయ్యకుండా అలాగే ఉండిపోయాను. ఇంక జీవితంలో నీళ్లని మర్చిపోననుకున్నాను. దీపావళికి అంతా మర్చిపోయాను. నెల కూడా పట్టలేదు.

మనసు తీరే అంత. ఉన్నదానికి త్వరగా అలవాటు పడిపోతుంది. అది మన తప్పేమీ కాదు. దీని మీద శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేశారు. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెక్‌కల్లో అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. అందులో ఒక భాగంలో కొందరు విద్యార్థులు పది వారాల పాటు, వారానికొకసారి, తమకి జరిగిన మేలు ఐదు వరకూ రాశారు. ఇంకొందరు తమని విసిగించిన విషయాలు రాశారు. మేలు రాసినవాళ్లు తమ జీవితం గురించి ఎక్కువ తృప్తిగా ఉన్నారు, రాబోయే వారం గురించి ఎక్కువ ఆశతో ఉన్నారు. తర్వాత సోన్యా ల్యూబోమిర్‌స్కీ అనే ఆవిడ బృందం ఇంకొంచెం లోతుకి వెళ్లింది. ఆరు వారాలు చూస్తే, వారానికొకసారి రాసినవాళ్లకి మేలు చేసింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్లకి చెయ్యలేదు. నాకు ఇందులో ఆశ్చర్యం కనిపించలేదు. రోజూ పరమాన్నమే పెడితే అదీ మొహం మొత్తుతుంది. లెక్క కోసం రాసుకుంటే అది హోంవర్క్ అయిపోతుంది. నాన్నగారు పూటకొక మాట అన్నా మాకు విసుగు పుట్టలేదంటే, ఏ పూటకి ఆ పూట కొత్తది వెతికి పట్టుకున్నారు కాబట్టే.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ మాటని తప్పుగా వాడడం చాలా చూశాను. ఉన్నదానితో తృప్తి పడు అని మనం ఎవరితో అంటున్నాం? పింఛను రాక ఆఫీసుల చుట్టూ తిరిగే ముసలావిడతో అంటాం. అందరూ తిన్నాక మిగిలింది తినే కోడలితో అంటాం. సరిహద్దు ఊళ్లో మా పిల్లలకి తెలుగు చెప్పే టీచర్ కావాలని అడిగే తండ్రితో, బడి ఉంది కదా, సంతోషించు అంటాం. ఇది అన్యాయం. మేలెరగడం మేలు పొందినవాడి పని. అన్నం తిన్నవాళ్లు చెప్పాల్సిన మాటని వండినవాళ్ల చేత చెప్పించకూడదు. రావలసింది అడిగేవాళ్లు అడగాలి. కృతజ్ఞత పేరు చెప్పి వాళ్ల నోరు మూయించకండి. నా ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేనూ కొందరు పిల్లలతో అలా అన్నాను. ఇవాళ ఆ మాటలు వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంక కాసేపట్లో మీ ముందు విస్తళ్లు పరుస్తారు. అన్నం వడ్డించేలోపు ఒక్క నిమిషం విస్తరిని చేత్తో పట్టుకుని చూడండి. అడ్డాకులు అవి. అడ్డతీగ కొండ అడవిలో పెద్ద పెద్ద చెట్ల మీదికి అల్లుకుని పాకుతుంది. సవర ఆడవాళ్లు ఆ ఆకులు కోసి, మోపులు కట్టి, కొండ దిగి వస్తారు. ఒక ఆకు సరిపోదు. అంచు మీద అంచు వేసి సన్నని పుల్లలతో కుట్టాలి. ఆ పుల్ల ఎక్కడ పైకి వచ్చిందో, ఎక్కడ కిందికి దిగిందో వేలితో తడిమితే తెలుస్తుంది. నేను పొద్దున్న ఒకటి లెక్కపెట్టాను, పదకొండు కుట్లు ఉన్నాయి. ఆ కుట్లు బిగువుగా ఉన్నాయి కాబట్టే చారు కింద కారదు. పిల్లలూ, మీ విస్తరికి ఎన్ని కుట్లు ఉన్నాయో లెక్కపెట్టి నాకు చెప్పండి.

పొయ్యిల దగ్గర ఉన్న ఐదుగురూ తెల్లారగట్ల మూడింటికి లేచారు. కంద తరిగి తరిగి చేతులు దురదెక్కి చింతపండు రాసుకుంటుంటే చూశాను. భోజనాలయ్యాక వాళ్ల దగ్గరికి వెళ్లండి. బాగుంది అనకండి. ఏం తిన్నారో అది చెప్పండి.

నేను సాయంత్రం మావుసీ ఇంటికి వెళ్తున్నాను. ఆ మాట విని ఐదు రోజులైంది, ఇంకా ఆవిడతో ఏమీ అనలేదు. ఉసిరికాయ పచ్చడి ఒక సీసాలో పెట్టి ఉంచాను. ఒడియాలో ఏమనాలో చాలా ఆలోచించాను గానీ, ఆవిడకి తెలుగు వచ్చు. మీ చెయ్యి చల్లగుండ మావుసీ అని తెలుగులోనే అంటాను.

విస్తళ్లు వేస్తున్నారు. రండి, కూర్చుందాం.