నరాల నొప్పికి కండరాల గోలీ వేసుకుంటున్నారా?

(తెర మీద: గోలీల స్ట్రిప్, వెనక వైపు, బాగా దగ్గరగా)

"నడుం కాడి నుంచి పిక్క దాకా నరం గుంజుతాంది, ఏదన్నా మంచి గోలీ ఇయ్యి అన్నా." వరంగల్‌లో అయినా, జమ్మికుంటలో అయినా మెడికల్ షాపుల ముందు తరచూ వినపడే మాట ఇది. చేతికి వచ్చేది చాలాసార్లు ఇలాంటి స్ట్రిప్పే. ముందు వైపు పెద్దగా రాసిన కంపెనీ పేరు వదిలేయండి. వెనక చిన్న అక్షరాలు చదవండి: ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్, థయోకోల్చికోసైడ్. మొదటి రెండూ మామూలు నొప్పి మందులు. మూడోది బిగుసుకున్న కండరాన్ని వదులు చేసేది, అంటే మజిల్ రిలాక్సెంట్. దాని బదులు క్లోర్‌జోక్సాజోన్ గానీ, టిజానిడిన్ గానీ ఉండొచ్చు. నరం కోసం ఇచ్చే మందు ఇందులో ఒక్కటీ లేదు.

"మరి వేసుకుంటే తగ్గింది కదా?" అంటారు. తగ్గుతుంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీకి డిస్క్ జారి నడుం దగ్గర నరాన్ని నొక్కిందనుకోండి. ఆ చోటు కదలకుండా చుట్టూ ఉన్న కండరాలు గట్టిగా బిగుసుకుంటాయి. మనిషి ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు. నరం నొప్పి ఒకటైతే, ఈ బిగుతు నొప్పి ఇంకొకటి. రిలాక్సెంట్ తగ్గించేది ఈ రెండోదాన్నే. అదీ నేరుగా కండరం మీద కాదు, ఎక్కువగా మెదడు, వెన్నుపాము మీద పనిచేసి. మగత వచ్చేది అందుకే. కొన్ని రోజులు హాయిగా ఉంటుంది, నరం మీద ఒత్తిడి మాత్రం అట్లనే ఉంటుంది.

షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పిలో అసలు ఈ బిగుతే ఉండదు. అరికాళ్లలో మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండటం, రాత్రి దుప్పటి తగిలినా ఓర్వలేకపోవడం, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకపోవడం. దీనికి రిలాక్సెంట్ వాడటం, బోరు వైరు కాలిపోతే మోటారుకు గ్రీజు పెట్టడం లాంటిది.

(తెర మీద: మందుల పేర్లు ఒక్కొక్కటిగా)

నరాల నొప్పికి మొదట వాడాల్సిన మందులేవో 2015లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నిపుణులు చెప్పారు: గాబాపెంటిన్, ప్రీగాబలిన్, డులోక్సెటిన్, వెన్లాఫాక్సిన్, అమిట్రిప్టిలిన్ వంటివి. ఆ వరుసలో రిలాక్సెంట్లు లేవు. ఈ మందులు ఒక్క పూటలో పనిచేయవు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, గుణం కనపడటానికి వారాలు పడుతుంది. రెండు రోజులు చూసి "ఇది పనిచేస్తలేదు" అని పక్కన పెట్టి మళ్లీ పాత స్ట్రిప్ కొనుక్కునేవాళ్లే ఎక్కువ. నా లెక్కలో అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది.

ఇంకో మాట. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గిపోవచ్చు. దానివల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి. ఒక రక్త పరీక్షతో తేలిపోతుంది.

మరి నరాల జబ్బుల్లో రిలాక్సెంట్లకు చోటే లేదా? ఉంది. పక్షవాతం వచ్చాక, వెన్నుపాముకు దెబ్బ తగిలాక కాళ్లూ చేతులూ కర్రల్లా బిగుసుకుపోతే బాక్లోఫెన్, టిజానిడిన్ నెలల తరబడి ఇస్తారు. ముఖం మీద కరెంటు షాక్ కొట్టినట్టు వచ్చే నొప్పికి మొదటి మందు కార్బమజెపిన్ అయినా, కొందరికి తోడుగా బాక్లోఫెన్ కలుపుతారు. ఇవన్నీ డాక్టర్ చూస్తూ ఉండగా వాడాల్సినవి. బాక్లోఫెన్ చాలా రోజులు వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, లేనివి కనపడొచ్చు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు మామూలు మోతాదు కూడా ఎక్కువై మనిషి మత్తులోకి వెళ్లిపోవచ్చు.

థయోకోల్చికోసైడ్ సంగతి వేరు. గోలీలైతే 7 రోజులకు మించి వాడొద్దని, గర్భిణులకు, 16 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దని 2013లో ఐరోపా మందుల సంస్థ చెప్పింది. మన దగ్గర నెలల తరబడి మింగేవాళ్లున్నారు. పైగా పక్కనున్న ఎసిక్లోఫెనాక్ ఊరుకోదు, కడుపులో పుండ్లు, కిడ్నీకి దెబ్బ. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా ప్రమాదం.

టిజానిడిన్ వాడేవాళ్లు విరేచనాలకనో, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కనో సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకోవద్దు. రెండూ కలిస్తే బీపీ పడిపోయి కళ్లు తిరిగి పడిపోతారు.

ఇక కల్లు. మనవైపు దాని గురించి మాట్లాడకుండా ఈ వీడియో పూర్తి కాదు. కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డయాజిపామ్. డయాజిపామ్ కూడా కండరాలను వదులు చేసే మత్తు మందే. పొద్దంతా పనిచేసి సాయంత్రం కల్లు తాగి, పడుకునే ముందు ఈ గోలీ వేసుకుంటే మత్తు మీద మత్తు. రాత్రి బాత్రూంకు లేచి పడి తుంటి విరగ్గొట్టుకోవచ్చు, ఊపిరి మందగించవచ్చు. తాగే అలవాటుంటే సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పండి, ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే వాళ్లను బయట కూర్చోమనండి.

ఓపీకి వెళ్లేటప్పుడు వాడుతున్న స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకుని పోండి. "నొప్పి" అని ఒక్క మాట అనకండి. మంటా, తిమ్మిరా, గుంజుడా, పట్టేసినట్టుందా, రాత్రి ఎక్కువా, పనిచేస్తే ఎక్కువా, విడివిడిగా చెప్పండి. మందు మారేది ఆ జవాబులను బట్టే.

మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవకుండా ఈడ్చుకుపోతున్నా ఏ గోలీ కోసం చూడొద్దు. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి.