పోలీసును సస్పెండ్ చేశారు, సరే. ఆ తర్వాత ఏం జరగాలి?

(తెర మీద: బెంగళూరు, కె.ఆర్. మార్కెట్ దగ్గర సాయంత్రం రద్దీ)

అందరికీ నమస్కారం. ఒక కానిస్టేబుల్ ఎవరినో కొట్టిన వీడియో మధ్యాహ్నం వాట్సాప్‌లో తిరుగుతుంది. రాత్రి వార్తల్లో సస్పెండ్ చేశారని చెప్తారు. హమ్మయ్య, శిక్ష పడిందనుకుని మనం ఫోన్ పక్కన పెట్టేస్తాం.

సస్పెన్షన్ శిక్ష కాదండీ. విచారణ అయ్యేదాకా ఆ మనిషిని డ్యూటీకి దూరంగా ఉంచుతారు, అంతే. తప్పు చేశాడా లేదా, చేస్తే ఏ శిక్ష వేయాలి అన్నది తేలేది ఆ తర్వాత జరిగే శాఖాపరమైన విచారణలో. అక్కడ కెమెరాలుండవు, విలేకరులుండరు.

కోలార్, చింతామణి, బాగేపల్లి, పావగడ వైపు నుంచి వచ్చి బెంగళూరులో పోలీసు ఉద్యోగం చేస్తూ, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు మనకు తెలుసు. ఆర్డర్లు కన్నడలో వస్తాయి, వాటిలో ఏముందో ఇంట్లో అమ్మకి తెలుగులో చెప్పాలి. అలాగే స్టేషన్లో దెబ్బలు తిన్న మేస్త్రీలు, ఆటో డ్రైవర్లలోనూ తెలుగువాళ్లున్నారు. ఈ వీడియో ఇద్దరికీ. విచారణ అడ్డదిడ్డంగా జరిగితే ఇద్దరూ నష్టపోతారు. ఎలాగో చూడండి.

(తెర మీద: రాజ్యాంగం, 311వ అధికరణం)

ప్రభుత్వ ఉద్యోగిని డిస్మిస్ చేయాలన్నా, తొలగించాలన్నా, ర్యాంకు తగ్గించాలన్నా ముందు విచారణ జరపాలి. ఆరోపణ ఏమిటో చెప్పాలి. తన మాట చెప్పుకోవడానికి సరైన అవకాశం ఇవ్వాలి. 311వ అధికరణం చెప్పేది ఇదే. కానిస్టేబుల్‌కీ ఇది వర్తిస్తుంది. కర్ణాటక పోలీసులకైతే దీనికోసం 1965 నుంచి ప్రత్యేకంగా క్రమశిక్షణ చర్యల నియమాలు కూడా ఉన్నాయి.

సరైన అవకాశం అంటే ఏమిటి? ఆరోపణలు రాసిచ్చే కాగితం, అంటే ఛార్జ్ మెమోలో ‘ప్రవర్తన బాగాలేదు’ అని రాసి ఊరుకుంటే దానికి ఎవరు మాత్రం ఏమని జవాబిస్తారు? ఏ రోజు, ఎక్కడ, ఎవరి పట్ల, ఏం చేశాడో రాయాలి. ఏ కాగితాల మీద ఆధారపడుతున్నారో అవి ఇవ్వాలి. సాక్షులను ఎదురు ప్రశ్నలు అడగనివ్వాలి. విచారణాధికారి శాఖ తరఫు వకీలులా ప్రవర్తించకూడదు, ఇద్దరికీ మధ్యలో ఉండి తేల్చాలి. ఈ సంగతి సుప్రీంకోర్టు 2010లో గట్టిగానే చెప్పింది. కానీ ఆ అధికారి కూడా అదే శాఖ మనిషి, అదే పైవాళ్ల కింద పనిచేసేవాడు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా బలహీనంగా కనిపించేది ఇదే.

విచారణ అయ్యాక నివేదిక రాస్తారు. ఒకప్పుడు ఆ నివేదిక చూపించకుండానే శిక్ష వేసేసేవాళ్లు. అది కుదరదని 1993లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఉద్యోగిదే. పోలీసు కాకపోయినా ఆ తీర్పు పోలీసులకూ రక్షణ అయింది. శిక్ష వేసే ముందే నివేదిక కాపీ ఇవ్వాలి, దాని మీద జవాబు రాసుకోనివ్వాలి.

(తెర మీద: కోలార్ బంగారు గనుల పాత ఫోటో)

ఇప్పుడు కేజీఎఫ్‌కి వెళ్దాం. అక్కడి గనుల సంస్థలో ఒక సెక్యూరిటీ ఆఫీసర్. ఇంట్లో పోలీసులకు బంగారం దొరికిందని 1985లో కేసు పెట్టి, సస్పెండ్ చేశారు. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లకు జీవన భృతి ఇవ్వాలి, మామూలుగా జీతంలో సగం దగ్గర మొదలవుతుంది. ఆయనకు అదీ ఇవ్వలేదు. ఒంట్లో బాగాలేదు, చేతిలో డబ్బు లేదు, రాలేనన్నాడు. ఆయన లేకుండానే విచారణ ముగించి ఉద్యోగం తీసేశారు. తర్వాత క్రిమినల్ కోర్టు ఆయన్ని నిర్దోషి అంది. 1999లో సుప్రీంకోర్టు, భృతి ఇవ్వకపోవడం జీవించే హక్కుకే దెబ్బ అని చెప్పింది. ఆ తొలగింపు నిలబడలేదు. కానీ తీర్పు వచ్చేసరికి ఎన్నేళ్లు గడిచిపోయాయో చూడండి. ఆ ఇల్లు ఎలా గడిచి ఉంటుంది? పిల్లల ఫీజులు ఎవరు కట్టి ఉంటారు?

సస్పెన్షన్‌ను ఊరికే సాగదీయడం గురించి కూడా 2015లో ఒక తీర్పు వచ్చింది. మూడు నెలల్లో ఛార్జ్ మెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ కొనసాగించకూడదని.

ఇంతవరకూ విని, దెబ్బలు తిన్నవాళ్లకు కోపం రావచ్చు. పోలీసులకే ఇన్ని హక్కులా అని. ఆ కోపం న్యాయమైనదే. అందుకే రెండో వైపు కూడా చెప్పాలి.

శాఖా విచారణలో నేరం రుజువు చేయడానికి క్రిమినల్ కోర్టులో కావలసినంత గట్టి సాక్ష్యం అక్కర్లేదు. ఈ సూత్రం స్థిరపడింది ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక సబ్ ఇన్‌స్పెక్టర్ కేసులో, 1963లో. ఒక మనిషిని అక్రమంగా నిర్బంధించాడన్నది ఆరోపణ. జరిగి ఉండే అవకాశమే ఎక్కువ అని సాక్ష్యం చూపిస్తే చాలు. క్రిమినల్ కేసు కొట్టేసినా శాఖ శిక్ష దానంతటదే రద్దు కాదు. తమిళనాడులో ఒక పోలీసు తాగి, బస్టాండులో ఒక మహిళను వేధించాడు. కోర్టుకొచ్చేసరికి ఆమె, ఆమె భర్త సాక్ష్యం మార్చుకున్నారు, కేసు పోయింది. అయినా శాఖా విచారణలో తేలింది కాబట్టి 2012లో సుప్రీంకోర్టు ఆ డిస్మిస్‌ను నిలబెట్టింది. విచారణ పద్ధతిగా జరిగింది కనుకే ఆమెకు ఆ మాత్రం న్యాయమైనా దక్కింది.

ఇక విచారణ లేకుండానే పంపించే దారి ఒకటుంది. విచారణ జరపడం ఆచరణలో సాధ్యం కాదని కారణాలు రాసి డిస్మిస్ చేయవచ్చు. జనం ఆగ్రహంతో ఉన్నప్పుడు ఈ దారి చాలా సులువుగా కనిపిస్తుంది. కానీ కారణం నిజమైనది కాకపోతే, ఉద్యోగుల కేసులు వినే ట్రిబ్యునల్ దాన్ని కొట్టేస్తుంది. అప్పుడు నిజంగా కొట్టినవాడే పాత జీతం బకాయిలతో సహా మళ్లీ యూనిఫాం వేసుకోవచ్చు. ఎఫ్ఐఆర్ జత చేస్తే చాలు, సాక్షులు అక్కర్లేదనుకున్నా ఇదే గతి. ఎఫ్ఐఆర్ దానంతటదే సాక్ష్యం కాదని 2008లోనే సుప్రీంకోర్టు తీర్పుంది.

చిన్న శిక్షల గురించి ఒక్క మాట. మందలింపు, ఇంక్రిమెంట్ ఆపడం లాంటివాటికి ఇంత విచారణ ఉండదు, సంజాయిషీ అడిగితే సరిపోతుంది. కింది సిబ్బంది మీద ఎక్కువగా పడేవి ఇవే అని నా అభిప్రాయం. పోలీసుల హక్కులకు పరిమితులు పెట్టిన 1966 చట్టం వల్ల వాళ్లు మిగతా ఉద్యోగుల్లా యూనియన్ పెట్టుకుని గట్టిగా అడగలేరు. 2016 జూన్ 4న కర్ణాటక పోలీసులు మూకుమ్మడి సెలవు పెడతామన్నప్పుడు సెలవుల కొరత, పైఅధికారుల తీరు గురించి బయట కాస్త చర్చ జరిగింది.

(తెర మీద: ఫిర్యాదు కాగితం, దాని మీద రసీదు ముద్ర)

ఫిర్యాదు చేసినవాళ్ల సంగతి చూస్తే బాధగా ఉంటుంది. శాఖా విచారణలో మీరు సాక్షి మాత్రమే. చివరికి ఏమైందో మీకు చెప్పే పద్ధతి సరిగా లేదు. సమాచార హక్కు కింద అడిగినా, ఉద్యోగి శిక్షల వివరాలు వ్యక్తిగత సమాచారమని 2012 తీర్పు ఒకటి అడ్డొస్తుంది. కొట్టింది నన్ను, ఫలితం నాకెందుకు చెప్పరు? ఈ ప్రశ్నకు శాఖ దగ్గర మంచి జవాబు ఉందని నేననుకోను. కనీసం ఒక ఉత్తరం పంపాలి.

మాజీ పోలీసు ఉన్నతాధికారి ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో 2006లో రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. కర్ణాటక కూడా చట్టం మార్చి వాటికి చోటిచ్చింది. స్టేషన్లో మీ మాట వినకపోతే అక్కడ రాసివ్వండి. తేదీ, సమయం, ఆసుపత్రి చీటీ, చూసినవాళ్ల పేర్లు అన్నీ రాయండి. రసీదు తీసుకోకుండా ఇంటికి రావద్దు. విచారణకు పిలిస్తే తప్పకుండా వెళ్లండి, ఆ పోలీసు అడిగే ఎదురు ప్రశ్నలకు మీకు తెలిసింది తెలిసినట్టు చెప్పండి.