లాజిస్టిక్స్: ఆ మాట ఎక్కడ పుట్టింది, మన లారీ దాకా ఎలా వచ్చింది

నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో నిలబడి ఈ పాఠం మొదలుపెడుతున్నాను. నా వెనుక ముఠా కార్మికులు లారీకి టిక్కీలు ఎక్కిస్తున్నారు. టిక్కీ అంటే ఎండుమిర్చి కుక్కి కుట్టిన గోనె సంచి అని ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కర లేదు. వీటిలో కొన్ని నేరుగా రేవుకు వెళ్తాయి, మరికొన్ని మంచి ధర కోసం కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఆగుతాయి. ఏ సరుకు ఎక్కడికి పోవాలి, ఎన్నాళ్లు ఆగాలి, లారీ ఏ వేళకు రావాలి, అది చేరేసరికి దించుకునే ముఠా అక్కడ సిద్ధంగా ఉంటుందా అన్న ఆలోచననంతా కలిపి లాజిస్టిక్స్ అంటారు. చాలామంది విద్యార్థులు పరీక్షలో దీనికి రవాణా అని అర్థం రాసి ఊరుకుంటారు. రవాణా ఇందులో ఒక పాలు మాత్రమే.

ప్రాచీన గ్రీకు భాషలో లోగిస్టికే అంటే లెక్కలు కట్టే విద్య. అయితే సైనికార్థంలో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చినవాడు ఆంత్వాన్ ఆన్రీ జోమినీ. స్విట్జర్లాండులో పుట్టి, ముందు నెపోలియన్ కొలువులోను, తరువాత రష్యా కొలువులోను పనిచేసిన ఈ సేనాని, 1838లో ప్రచురించిన యుద్ధకళా గ్రంథంలో లాజిస్టిక్స్‌ను ఒక ప్రత్యేక శాఖగా వివరించాడు. సైన్యానికి బస చూపించే ఫ్రెంచి అధికారి హోదా పేరులోని లోజి అనే మాట నుంచి ఇది వచ్చిందని ఆయనే చెప్పాడు. లోజి అంటే మన తెలుగులో విడిది. పెళ్లివారికి విడిది చూసిన పెద్దలకు ఈ అర్థం ఇట్టే బోధపడుతుంది. ఎంతమంది వస్తారో, ఏ బండికి దిగుతారో, ఎన్ని పూటలుంటారో తెలియకుండా ఆ ఇంట్లో పొయ్యి కూడా వెలిగించలేరు. అందుచేత మాట మూలం లెక్కా విడిదా అని పండితులు వాదించుకున్నా, పనిలో మాత్రం ఈ రెండూ విడదీయరానివి అని నా నమ్మకం.

ఇప్పుడు తెరపై ఉన్న లెక్కను నిదానంగా చూడండి. ఒక గుర్రం 100 కిలోల ధాన్యం మోస్తుందనీ, రోజుకు 5 కిలోలు తింటుందనీ అనుకుందాం. పది రోజుల దారిలో వెళ్లేటప్పుడు 50 కిలోలు, తిరిగి వచ్చేటప్పుడు మరో 50 కిలోలు అదే తినేస్తుంది. సైనికుడికి చేరేది సున్న. దూరం పెరిగే కొద్దీ మోసేదే మోతను మింగేస్తుంది.

నెపోలియన్‌ను రష్యా చలి ఓడించిందని చెప్పుకుంటాం. కానీ 4 లక్షలకు మించిన సైన్యంతో ఆయన 1812 జూన్ 24న నీమన్ నదిని దాటడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే, దాణా చాలక పచ్చి పైరు మేసిన గుర్రాలు, వానలకు తడిసి, వేల సంఖ్యలో చనిపోయాయి. చలికాలం ఇంకా నెలల దూరంలో ఉంది.

ఈ చిక్కుకు మన దేశంలో చక్కని జవాబు ఉండేది. మన పల్నాడు తండాలలోని లంబాడీల పూర్వికులు బంజారాలుగా ఎద్దుల మీద ధాన్యం మోసి మొగలు సైన్యాలకు అమ్మేవారు. 1803లో మరాఠాలతో పోరాడిన బ్రిటిష్ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ కూడా వారి మీద ఆధారపడ్డాడు. వారి ఎద్దులు దారి పక్క గడ్డి మేస్తూ నడిచేవి కనుక వీపు మీది గింజలు గింజలుగానే చేరేవి. ఈ పాఠంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న విషయం ఇదే. తండా అన్న మాట కూడా ఒకప్పుడు అలా కదిలే బిడారుకే పేరు.

రెండో ప్రపంచయుద్ధం ఈ విద్యను చాలా పెంచింది. ఆ తరువాత అది వ్యాపారంలోకి వచ్చింది. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల యజమాని 58 కంటెయినర్లను ఒకే ఓడ మీద అమెరికాలోని న్యూఆర్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపించాడు. అంతవరకు రేవులో కూలీలు బస్తా బస్తాగా ఎక్కించి దించిన సరుకు, ఆ పెట్టెతో పాటే లారీ మీద నుంచి ఓడ మీదకు మారింది.

వ్యాపారంలో శత్రువు లేడు, లెక్క మాత్రం పాతదే. ఈ లారీ చెన్నై రేవులో టిక్కీలు దించి ఖాళీగా తిరిగి వస్తే, ఆ డీజిలు ఖర్చు గుర్రం తిరుగు ప్రయాణంలో తిన్న 50 కిలోల వంటిది. అందుకే సరుకు ఇంకా ఎక్కుతుండగానే, విజయవాడ ఆటోనగర్‌లోని ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఒకరు చెన్నైకి ఫోను చేసి రిటర్న్ లోడు కోసం అడుగుతుంటారు. కిరాయి, బరువు, ఎక్కించే వేళ వారు ఎలా కుదుర్చుకుంటారో రెండో భాగంలో ఆ ఆఫీసులోనే కూర్చుని చూద్దాం.