సుత్తి దెబ్బకు పలికే బండి

శ్రోతలకు నమస్కారం.

తుప్పు పట్టిన పాత పికప్ బండిని చవకగా కొని, గుజిరీ అంగళ్లలో దొరికే సామాన్లతో దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవారికి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నాకున్న సమయంలో నాలుగు మాటలు పట్టవు గనుక ఒక్క మాటే చెబుతాను, కాని దాని వెనక కథ మాత్రం పూర్తిగా చెబుతాను. నేను మెకానిక్‌ను కాను. మెకానిక్ పక్కన నిలబడి చాలా రోజులు పానాలు అందించినవాణ్ణి, అంతే.

2009లో సంగతి. మా చిన్నాయన మైదుకూరు దగ్గర పసుపు, ఉల్లి పండించేవాడు. ప్రొద్దుటూరుకూ కడపకూ సరుకు తోలిన ప్రతిసారీ బాడుగ కట్టీ కట్టీ విసిగిపోయి, ఎంత పాతదైనా సరే సొంత బండి ఉండాలని పట్టుబట్టాడు. నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక టాటా మొబైల్ పికప్ అమ్మకానికి ఉందని ఎవరో చెబితే ఇద్దరం వెళ్లి చూశాం. అద్దంలా మెరిసే నీలం రంగు, కొత్త సీటు కవర్లు, ముందు అద్దానికి పూలదండ. చిన్నాయన అక్కడికక్కడే ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చేశాడు. మేస్త్రికి చూపించకుండా డబ్బు ఇవ్వవద్దని నేను అనలేకపోయాను, ఎందుకంటే ఆ పూలదండ నాకూ నచ్చింది.

మరుసటి రోజు ప్రొద్దుటూరు నుంచి మేస్త్రిని తీసుకువెళ్లాం. ఆయన రంగు వైపు చూడలేదు, ఇంజను స్టార్టు చేయమనలేదు. నంబరు ప్లేటు మీద ఏపీ 26 అని, అంటే సముద్రం ఒడ్డున ఉన్న నెల్లూరు జిల్లా నంబరని చదివి, ఒక గోనెపట్ట పరుచుకుని, పావు కిలో సుత్తితో బండి కిందికి దూరాడు. నన్ను కూడా పక్కన పడుకోమన్నాడు.

"ఇను అబ్బీ, ఇనుము చెప్తాది," అన్నాడు.

ముందు చక్రాల దగ్గర ఛాసిస్ మీద, అంటే బండినంతా మోసే ఇనుప చట్రం మీద, మెల్లగా కొట్టాడు. ఠంగుమంది. క్యాబిన్ వెనక కొట్టాడు. ఠంగుమంది. వెనక చక్రాల పైన, కుదుపులు ఆపే కమాన్ కట్టలను ఛాసిస్‌కు తగిలించే చోట కొట్టాడు. తడి గోడ మీద చెప్పుతో కొట్టినట్టు బొద్దుమంది. ఇంకొక జానెడు జరిపి మళ్లీ కొట్టాడు. ఈసారి శబ్దం రాలేదు, సుత్తి మొన లోపలికి దిగిపోయింది. కొత్తగా పూసిన నల్లరంగు పొర కింద నుంచి ఇటుక పొడి లాంటి తుప్పు నా ముఖం మీద రాలింది. పెద్దలు పైన పటారం, లోన లొటారం అన్నది ఎందుకో నాకు ఆ బండి కింద పడుకున్నప్పుడు అర్థమైంది. అడ్వాన్సు తిరిగి రాలేదు. దాన్ని తీసుకున్న పెద్దమనిషి ఎవరన్నది ఇప్పుడు అప్రస్తుతం.

ఆ బండి చాలా ఏళ్లు చేపల పెట్టెలు మోసిందని తరువాత తెలిసింది. ఇనుము తుప్పు పట్టడానికి గాలి, చెమ్మ రెండూ కావాలి. ఆ చెమ్మలో ఉప్పు కలిసిందంటే పని ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. చేపల పెట్టెల నుంచి కారిన ఉప్పునీళ్లు బాడీ సందుల్లో నుంచి దిగి, ఎండ తగలని, త్వరగా ఆరని చోట ఛాసిస్ మడతల్లో నిలిచిపోతాయి. ఎరువుల మూటలు తోలిన బండ్లకూ ఇదే గతి, ఎందుకంటే రాలిన గుళికలు గాలిలోని చెమ్మను పీల్చుకుని ఇనుమును అంటిపెట్టుకుని ఉంటాయి. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రేకు మొదట ఉబ్బుతుంది, తరువాత పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. మా కడప జిల్లాలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప. కరువు మనకు చేసిన మేలు ఏదైనా ఉందంటే, పాత ఇనుమును కొంత కాపాడడమే.

రెండో బండి ఎర్రగుంట్ల దగ్గర, బండలు కోసే ఫ్యాక్టరీ ఆవరణలో దొరికింది. మా కడప జిల్లా ఏపీ 04 నంబరు, 1996 మోడలు, ధర ముప్పై రెండు వేలు. తలుపు తాడుతో కట్టి ఉంది. క్యాబిన్‌లో రబ్బరు మ్యాటు ఎత్తితే కింద నేల కనిపించింది. గేరు మూడోదానిలో నిలవకుండా జారిపోతుంది. చిన్నాయన ముఖం చిట్లించుకున్నాడు. మేస్త్రి మాత్రం గోనెపట్ట పరిచి కిందికి దూరాడు. ముందు ఠంగు, మధ్యలో ఠంగు, వెనక ఠంగు. ఒక్క ఎడమ వైపు వెనక కమాన్ కట్టను ఛాసిస్‌కు తగిలించే షాకిల్ బ్రాకెట్ దగ్గర మాత్రమే శబ్దం కొంచెం మందంగా వచ్చింది.

"ఇది తీసుకో అన్నా. మిగతావన్నీ గుజిరీలో దొరుకుతాయి, ఛాసిస్ దొరకదు," అని చిన్నాయనతో అన్నాడు.

నేను చెప్పదలచుకున్న ఒక్క మాట అదే. మిగతావన్నీ గుజిరీలో దొరుకుతాయి, ఛాసిస్ దొరకదు.

నిజంగానే అన్నీ దొరికాయి. టాటా మొబైల్ 1988లో వచ్చింది. అదే పునాది మీద 1994లో టాటా సుమోను తయారుచేశారు. ఆ తొలి రోజుల్లో రెండింటిలోనూ 1948 సీసీ డీజిల్ ఇంజనే ఉండేది. ఆ కంపెనీని ఎన్నో ఏళ్లు నడిపిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని మొదటి అక్షరాలు కలిపి సుమో అని పేరు పెట్టారు. మన సీమ అనగానే సినిమావాళ్లకు గాల్లోకి లేచే సుమోలే గుర్తొస్తాయి గాని, అసలు సుమోలు పెళ్లిళ్లకూ తిరుపతికీ తిరిగి తిరిగి, చివరకు గుజిరీ అంగళ్లలో వరుసగా నిలబడ్డాయి. మా బండికి గేర్‌బాక్సు, సెల్ఫ్ మోటారు, డైనమో వాటి నుంచే వచ్చాయి.

గేర్‌బాక్సును ఎంచిన తీరు చూడవలసిందే. మేస్త్రి మూడు బాక్సులు కిందికి దింపించి, ఒక్కొక్కదాని అడుగు నట్టు విప్పి, కారిన ఆయిలును అరచేతిలో పట్టి ఎండకు చూపించాడు. మొదటిదానిలో వెండి రేకుల్లాంటి ముక్కలు తళుక్కుమన్నాయి, అంటే లోపల గేరు పళ్లు విరిగాయి. రెండోదాని ఆయిలు పాలు కలిసిన కాఫీలా ఉంది, అంటే లోపలికి నీళ్లు చేరాయి. మూడోది నల్లగా, చిక్కగా ఉంది. వేళ్ల మధ్య రుద్దితే మెత్తటి బూడిద లాంటి పొడి తప్ప గరుకు తగలలేదు. దాన్ని ఒక్కొక్క గేరులో వేసి షాఫ్టును చేత్తో తిప్పి, చెవి ఆనించి విని, అప్పుడు బేరానికి దిగాడు.

క్యాబిన్ అడుగున పుచ్చిన రేకును మంచి ఇనుము తగిలేదాకా కోసేసి, 18 గేజీ కొత్త రేకు వెల్డింగు చేయించాం. తుప్పు మీదే అతుకు వేస్తే ఆ అతుకు పక్కనే మళ్లీ పుచ్చుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పడం, డీజిల్ ట్యాంకు దింపి దూరంగా పెట్టడం మరిచిపోకూడదు. శబ్దం మందంగా వచ్చిన ఆ షాకిల్ బ్రాకెట్ దగ్గర మాత్రం మేస్త్రి వెల్డింగు ఒప్పుకోలేదు. ఛాసిస్ అంచుల మీద మంట పెడితే ఆ పక్కనే పగులు పుడుతుందని చెప్పి, మందపాటి పట్టీ వేసి బోల్టులతో బిగించాడు. బ్రేకు హోసు పైపులు, వీల్ సిలిండర్లలోని రబ్బరు కప్పులు, బ్రేకు లైనర్లు, స్టీరింగు ఎండ్లు కొత్తవే కొన్నాం. ఈ నాలుగింటినీ గుజిరీలో వెతికేవాళ్లను చూస్తే నాకు భయం.

రంగు చివర వేయించాం. రంగు ముందు వేయించేవాడు అమ్మడానికి సిద్ధపడుతున్నాడని నా అనుమానం.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంజను మార్చదలిస్తే ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. గుజిరీలో బిల్లు లేకుండా కొన్న ఇంజను నంబరు ఆర్‌సీతో కలవకపోతే ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు, వెళ్లిన రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు జవాబు ఉండదు. మరో జాగ్రత్త ఏమిటంటే, తుప్పు గీకే కుర్రవాడికి గ్రైండరు ఇచ్చే ముందు ఛాసిస్ నంబరు ఎక్కడ ఉందో చూపించి, అక్కడ చేయి పెట్టవద్దని గట్టిగా చెప్పండి. ఆ అంకెలు అరిగిపోతే మిగతా కష్టమంతా వృథా.

ఇప్పుడు సుత్తి దగ్గరికి తిరిగి వస్తాను. అడ్వాన్సు ఇవ్వకముందే వెళ్లండి. బండి ఖాళీగా ఉండాలి, ఇంజను ఆపి ఉండాలి, చుట్టూ మాటలు లేకుండా చూసుకోండి. చక్రాలకు దిమ్మెలు పెట్టిన తరువాతే కిందికి దూరండి. జాకీ మీద లేపిన బండి కిందికి మాత్రం ఎవరు చెప్పినా దూరవద్దు. పావు కిలో సుత్తి చాలు. ముందుగా స్టీరింగు బాక్సు బిగించిన చోట, తరువాత క్యాబిన్ వెనక అడ్డపట్టీ కలిసే మూలల్లో, ఆ తరువాత వెనక కమాన్ కట్టల రెండు కొసల దగ్గర, రెండు వైపులా జానెడుకొక దెబ్బ చొప్పున కొడుతూ పొండి. ఠంగుమన్న చోటును వదిలేయండి. బొద్దుమన్న చోట సుద్దముక్కతో గీత పెట్టండి. బయటికి వచ్చి గీతలు లెక్కపెట్టుకున్నాక ధర మాట్లాడండి.

నా సమయం పూర్తయింది. నమస్కారం.